34 రౌండ్లు, 306 గళ్లు: పోర్చుగల్ లీగ్ సీజన్‌ను చేత్తో రాసిన అనుభవం

పోర్చుగల్ మొదటి డివిజన్ ఫుట్‌బాల్‌లో 2024-25 సీజన్‌ను మొదటి మ్యాచ్ నుంచి చివరి మ్యాచ్ దాకా పుస్తకంలో ఎక్కించాను. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ తప్పులు దొర్లాయో, ఎందుకు దొర్లాయో ఇక్కడ రాస్తున్నాను. ఏ దేశపు లీగ్‌ను రాసుకున్నా ఈ పద్ధతి చాలావరకు పనికొస్తుంది. అయితే పోర్చుగల్ లీగ్‌కు కొన్ని మెలికలు ప్రత్యేకం.

పాయింట్ల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది. అందులో స్పోర్టింగ్ 82, బెన్‌ఫికా 80 అని ఉంటుంది. ఆ రెండు పాయింట్ల తేడా ఎక్కడ పుట్టిందో మాత్రం ఉండదు. ఇంకాస్త పరికించి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: రెండు జట్లూ సరిగ్గా 25 మ్యాచ్‌లే గెలిచాయి. గెలుపుల్లో తేడా లేనప్పుడు టైటిల్ ఎవరిదో తేల్చింది గెలవని తొమ్మిది మ్యాచ్‌లు. అందుకే సీజన్‌ను రాసేటప్పుడు ఎవరు ఎన్ని గెలిచారన్నదాని కంటే ఎవరు ఎక్కడ పాయింట్లు పోగొట్టుకున్నారన్నది జాగ్రత్తగా రాయాలని నా గట్టి అభిప్రాయం.

లీగ్‌లో 18 జట్లు. ఒక్కో జట్టు మిగతా 17 జట్లతో సొంతగడ్డపై ఒకసారి, అవతలివాళ్ల గడ్డపై ఒకసారి ఆడుతుంది. అంటే 34 రౌండ్లు, రౌండుకు 9 మ్యాచ్‌లు, మొత్తం 306. దీనికి మూడు కాగితాలు కావాలి. మొదటిది రౌండ్ల పుస్తకం: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు. ఎదురెదురు పేజీలు రెండూ ఒకే రౌండుకు ఇస్తే 68 పేజీల్లో సీజన్ అయిపోతుంది, మిగతా పేజీలు గోల్స్ లెక్కలకు, దిద్దుబాట్లకు పనికొస్తాయి. రెండోది ఎ3 కాగితం మీద గీసిన 18×18 గళ్ల పట్టిక. ఒక్కో గడి 1.4 సెంటీమీటర్లు ఉంటే కాగితం సరిపోతుంది, స్కోరు చదవడానికీ వీలుగా ఉంటుంది. అడ్డవరుస సొంతగడ్డ జట్టుకు, నిలువువరుస అతిథి జట్టుకు. ఏ జట్టూ తనతో తాను ఆడదు కాబట్టి ఐమూలగా 18 గళ్లు కొట్టేస్తే మిగిలేవి 306. మూడోది పోయిన పాయింట్ల పేజీ, పైన ఉన్న నాలుగైదు జట్లకు ఒక్కొక్కటి.

రౌండ్ల పుస్తకంలో ఒక్కో మ్యాచ్‌కు ఒక గీత. రౌండు సంఖ్య, పోర్చుగల్ తేదీ, వాళ్ల టైము, ఆడిన ఊరు, రెండు జట్లు, స్కోరు, గోల్స్ కొట్టినవాళ్లు నిమిషాలతో, ఎర్రకార్డులు, ఇద్దరు కోచ్‌ల పేర్లు. చివర 'మెలిక' అని ఒక గడి ఖాళీగా ఉంచాలి. ఆ గడి చాలావరకు ఖాళీగానే ఉంటుంది కానీ, నిండినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

మ్యాచ్‌ల జాబితా సీజన్‌కు ముందే డ్రా తీస్తారు. ఇందులో ఒక సౌకర్యం ఉంది: రెండో సగం మొదటి సగానికి అద్దంలో బొమ్మ. 1వ రౌండులో స్పోర్టింగ్ గడ్డపై రియో ఆవ్ ఆడితే, 18వ రౌండులో రియో ఆవ్ గడ్డపై స్పోర్టింగ్ ఆడుతుంది. రౌండు సంఖ్యకు 17 కలిపితే రెండో మ్యాచ్ ఎప్పుడో తెలిసిపోతుంది. కాబట్టి ఆగస్టులోనే 34 రౌండ్లూ పెన్సిల్‌తో నింపేసుకోవచ్చు. రోజు, టైము మాత్రం అప్పుడే ఇంకుతో రాయకూడదు. టీవీ ప్రసారాల కోసం, యూరప్ కప్ మ్యాచ్‌ల కోసం శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎక్కడో ఒకచోట సర్దుతారు, ఆ సంగతి కొన్ని వారాల ముందే ఖరారవుతుంది.

టైము దగ్గరే మొదటి పొరపాట్లు జరుగుతాయి. పోర్చుగల్ గడియారం వేసవిలో మనకంటే నాలుగున్నర గంటలు వెనక, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక. మార్పు అక్టోబరు చివరి ఆదివారం, మార్చి చివరి ఆదివారం జరుగుతుంది. ఈ సీజన్‌లో అవి 2024 అక్టోబరు 27, 2025 మార్చి 30. అక్కడ సాయంత్రం 6 గంటల మ్యాచ్ మనకు వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. అక్కడ రాత్రి 8:30 మ్యాచ్ మనకు ఒంటిగంట లేదా రెండు గంటలు, అదీ మర్నాటి తేదీలో. ఆదివారం రాత్రి మ్యాచ్‌ను మన క్యాలెండరు ప్రకారం సోమవారం కింద రాస్తే రెండు నెలల తర్వాత దేనితోనూ సరిపోల్చలేం. పుస్తకంలో వాళ్ల తేదీ మాత్రమే ఉండాలి, మన టైము పక్కన చిన్నగా పెన్సిల్‌తో రాసుకోవాలి.

దీవులతో ఇంకో చిక్కు. సాంతా క్లారా జట్టు అజోర్స్ దీవుల్లోని పోంత దెల్గాదాలో ఉంటుంది. అక్కడి గడియారం లిస్బన్ కంటే గంట వెనక. నాసియొనాల్ ఉండే మదైరా దీవికి మాత్రం లిస్బన్ టైమే. రెండూ సముద్రం మధ్యలో ఉన్న దీవులే కదా అని ఒకేలా లెక్కేస్తే సాంతా క్లారా మ్యాచ్‌లన్నీ గంట తప్పుతాయి. ఏ టైము రాసుకున్నా అది ప్రధాన భూభాగపు టైమా, దీవి టైమా అని ముందు చూసుకోవాలి.

ఇక భాష. వివరాలు సమగ్రంగా దొరికేది పోర్చుగీసులోనే. లీగ్ వారి మ్యాచ్ షీటు, ఆ దేశంలోని మూడు క్రీడా దినపత్రికలు ఎ బోలా, రికార్డ్, ఓ జోగో, అంటెనా 1 రేడియో వ్యాఖ్యానం. నెలరోజులు చదివితే చాలు, పట్టుమని యాభై మాటలతో పని నడుస్తుంది. అయితే పట్టికలో పొడి అక్షరాలు మోసం చేస్తాయి. వి అంటే గెలుపు, ఇ అంటే డ్రా, డి అంటే ఓటమి. ఇంగ్లీషు పట్టికలకు అలవాటుపడిన కన్ను డి కనపడగానే డ్రా అనుకుంటుంది. మొదటి నెలలో నా లెక్కల్లో దొర్లిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క అక్షరం వల్లే. గోల్స్ జాబితాలో జి.పి. అంటే పెనాల్టీ, పి.బి. అంటే సొంత గోల్. సొంత గోల్ కొట్టినవాడి పేరు కొన్ని చోట్ల లాభపడిన జట్టు కింద వేస్తారు, కొన్ని చోట్ల అతని సొంత జట్టు కింద వేస్తారు. పి.బి. కనపడగానే ఆ ఆటగాడిది ఏ జట్టో చూసుకోకుండా రాయకూడదు.

ఇంకో తమాషా మాట విటోరియా. పోర్చుగీసులో దాని అర్థం గెలుపు. గిమరాయిష్ నగర జట్టు పేరు కూడా విటోరియానే. శీర్షికలో ఆ మాట కనపడితే అది జట్టు పేరో, ఎవరిదైనా గెలుపో పక్క మాటలు చూసి తేల్చుకోవాలి. పాత సీజన్ల రికార్డులు తిరగేసేటప్పుడు సెతూబల్ విటోరియా కూడా ఎదురవుతుంది, అది వేరే జట్టు. స్పోర్టింగ్ సంగతీ అంతే. బ్రాగా జట్టు పూర్తి పేరులోనూ స్పోర్టింగ్ ఉంది. కాబట్టి మూడేసి అక్షరాల సంకేతాలు పెట్టుకుని వాటినే వాడాలి, నెలకో రకంగా మార్చకూడదు.

పేర్లను తెలుగులో రాయడం అనుకున్నంత కష్టం కాదు. జువాఁవ్, త్రింకాఁవ్, ఫమలికాఁవ్ వంటి పేర్ల చివర ముక్కుతో పలికే ధ్వనికి మన అరసున్న చక్కగా అతుకుతుంది. ఇంగ్లీషు అక్షరాలు చూసి జొయావో అని రాస్తే, రేడియోలో విన్నప్పుడు ఆ మనిషే ఈ మనిషని గుర్తుపట్టలేం. పదం చివర స అక్షరం చాలాసార్లు ష్ అని వినపడుతుంది. చెవికి వినపడ్డట్టు ఒకసారి రాసుకుని అదే రూపానికి కట్టుబడి ఉండడం మేలు.

చొక్కాల రంగులు చూసి జట్లను గుర్తుపట్టే అలవాటు ఇక్కడ పనిచేయదు. బెన్‌ఫికా, బ్రాగా, జిల్ విసెంటె, సాంతా క్లారా నాలుగూ ఎరుపే. స్పోర్టింగ్, రియో ఆవ్, మొరెయిరెన్స్ ఆకుపచ్చ, తెలుపు. స్పోర్టింగ్ చారలు అడ్డంగా ఉంటాయి, రియో ఆవ్ చారలు నిలువుగా ఉంటాయి. చదరంగం బల్లలాంటి నలుపు తెలుపు గళ్లు కనపడితే అది బోవిస్తా. ఆడిన ఊరు కూడా జట్టు పేరును బట్టి ఊహించకూడదు. కాసా పియా లిస్బన్ జట్టు, కానీ సొంత మ్యాచ్‌లు నగరం వెలుపల రియో మయోర్ స్టేడియంలో ఆడింది. జనవరి 25న బెన్‌ఫికా 3-1తో ఓడింది అక్కడే.

సీజన్ 2024 ఆగస్టు 9న స్పోర్టింగ్ 3-1తో రియో ఆవ్‌ను ఓడించిన మ్యాచ్‌తో మొదలైంది. అదే రౌండులో ఫమలికాఁవ్ గడ్డపై బెన్‌ఫికా 0-2తో ఓడింది. మొదటి రౌండులోనే పోయిన పాయింట్ల పేజీ తెరవాల్సి వచ్చింది. 4వ రౌండులో మొరెయిరెన్స్ గడ్డపై 1-1 డ్రా కాగానే కోచ్ రోజర్ ష్మిట్‌ను తొలగించి బ్రూనో లాజ్‌ను తెచ్చుకున్నారు.

కోచ్‌ల గడి ఎందుకు పెట్టుకోవాలో ఈ సీజన్‌ను మించిన ఉదాహరణ లేదు. సీజన్ మధ్యలో కోచ్‌ను మార్చడాన్ని పోర్చుగీసు వాళ్లు 'మానసిక కొరడా దెబ్బ' అంటారు. బ్రాగా మొదటి రౌండు కాగానే దానియెల్ సౌజాను తీసేసి కార్లోస్ కర్వల్యాల్‌కు పగ్గాలిచ్చింది. అదే సౌజా డిసెంబరు చివర్లో బ్రాగాకు బద్ధవిరోధి అయిన విటోరియాకు కోచ్‌గా వచ్చి, జనవరిలోనే వెళ్లిపోయాడు. ఆ తర్వాత అక్కడికి వచ్చిన లూయిష్ ఫ్రెయిర్ సీజన్ మొదట్లో రియో ఆవ్‌లో ఉన్నాడు. పోర్టో జనవరిలో విటోర్ బ్రూనోను పంపేసి మెక్సికో జట్టు క్రూజ్ అజుల్ నుంచి అర్జెంటీనా కోచ్ మార్టిన్ అన్సెల్మిని తెచ్చుకుంది. 'ఈ జట్టు కోచ్ ఎవరు' అన్న ప్రశ్నకు తేదీ లేకుండా జవాబు లేదు. అందుకే జట్టు పేరు పక్కన కాకుండా మ్యాచ్ గీతలోనే కోచ్ పేరు రాయాలి.

స్పోర్టింగ్‌కు ఈ గడి అసలు కథ బయటపెట్టింది. రూబెన్ అమోరిం కింద మొదటి 11 రౌండ్లూ గెలిచి 33కు 33 పాయింట్లు తెచ్చుకున్నారు. నవంబరు 10న బ్రాగా గడ్డపై వెనకబడి కూడా 4-2తో గెలిచిన మ్యాచ్ అతని చివరిది, ఆ తర్వాత అతను మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. తర్వాత జువాఁవ్ పెరైరా కింద నాలుగు లీగ్ మ్యాచ్‌లు: సొంతగడ్డపై సాంతా క్లారాతో 0-1, మొరెయిరెన్స్ దగ్గర 1-2, బోవిస్తాపై 3-2 గెలుపు, జిల్ విసెంటె దగ్గర 0-0. నాలుగింటికి 4 పాయింట్లు. ఆ సీజన్‌లో విటోరియాను నడుపుతున్న రూయి బోర్జెష్‌ను డిసెంబరు 26న తెచ్చుకున్నారు. అతని కింద 16వ రౌండు నుంచి 34వ రౌండు దాకా 19 మ్యాచ్‌లు: 13 గెలుపులు, 6 డ్రాలు, ఓటమి ఒక్కటీ లేదు. 33, 4, 45 కలిపితే 82. పట్టిక చూస్తే ఛాంపియన్ జట్టు ఒక్కటే. కోచ్‌ల గడి పెట్టి చూస్తే మూడు వేర్వేరు జట్లు కనపడతాయి.

మెలికల గడికి వస్తే, దాన్ని నింపింది పొగమంచు. నాసియొనాల్ స్టేడియం ఫుంషాల్ పట్టణానికి పైన కొండ మీద ఉంటుంది. మబ్బు దిగితే గోల్‌పోస్టు కనపడదు. అక్టోబరు 6న 8వ రౌండులో బెన్‌ఫికా అక్కడికి వెళ్లినప్పుడు పది నిమిషాలు కూడా గడవకముందే ఆట ఆగిపోయింది. మిగతా ఆట డిసెంబరు 19న జరిగింది, బెన్‌ఫికా 2-0తో గెలిచింది. మ్యాచ్ మళ్లీ మొదటినుంచి కాదు, ఆగిన నిమిషం నుంచే సాగింది.

పుస్తకంలో దీన్ని ఎలా రాయాలి? నా పద్ధతి ఇది. 8వ రౌండు పేజీలోనే ఉంచాలి, తేదీ గడిలో రెండు తేదీలూ రాయాలి, గోల్స్ మాత్రం డిసెంబరు తేదీతో గుర్తు పెట్టుకోవాలి. రెండున్నర నెలలు బెన్‌ఫికా ఒక మ్యాచ్ తక్కువతో నడిచింది. ఆ కాలంలో ఆడిన మ్యాచ్‌ల సంఖ్య చూడకుండా పాయింట్లు పోలిస్తే బెన్‌ఫికా ఉన్నదానికంటే వెనకబడినట్టు కనపడుతుంది. నేను వాడిన ఒక స్కోర్ల యాప్ ఈ మ్యాచ్‌ను అక్టోబరు జాబితా నుంచి తీసేసి డిసెంబరులో కొత్త మ్యాచ్‌గా చూపించింది. దాన్ని నమ్మి రాసుంటే ఒక రౌండులో 8 మ్యాచ్‌లు, ఇంకో వారంలో 10 వచ్చేవి.

ఇలాంటివి పట్టుకోవడానికి ప్రతి రౌండు చివర చేసే సరిచూపు ఒకటుంది, ఐదు నిమిషాల పని. గెలుపు తేలిన మ్యాచ్ పట్టికకు 3 పాయింట్లు చేరుస్తుంది, డ్రా 2 మాత్రమే చేరుస్తుంది. 9 మ్యాచ్‌ల రౌండులో 18 జట్లకూ కలిపి చేరాల్సిన పాయింట్లు 27 నుంచి డ్రాల సంఖ్య తీసేసినంత. మూడు డ్రాలు ఉంటే 24. పట్టిక మొత్తం పాయింట్లు పోయిన వారం కంటే సరిగ్గా అంతే పెరిగాయా చూడాలి. దాంతోపాటు కొట్టిన గోల్స్ నిలువువరుస మొత్తం, తిన్న గోల్స్ మొత్తం సమానంగా రావాలి. గెలుపుల మొత్తం, ఓటముల మొత్తం కూడా సమానం కావాలి. డ్రాల వరుస మొత్తం ఎప్పుడూ సరిసంఖ్యే. ఈ నాలుగూ కుదిరితే తప్పు దాదాపుగా ఉండదు. కుదరకపోతే ఆ రౌండులోనే వెతకాలి, వారం దాటనివ్వకూడదు. మూడు రౌండ్లు దాటితే 27 గీతలు తిరగేయాలి.

ఈ లెక్కకు దొరకని తప్పు ఒకటుంది: గోల్ ఎవరిదన్నది. బంతి డిఫెండర్‌కు తగిలి లోపలికి పోతే మొదట ఒకరి పేరు, మర్నాడు ఇంకొకరి పేరు వస్తుంది. కాబట్టి గోల్స్ పేర్లు ఆ రాత్రి పెన్సిల్‌తో, లీగ్ వారి షీటు చూశాక ఇంకుతో రాయాలి. ఈ సీజన్‌లో పేజీలు చాలినంత ఇవ్వాల్సిన పేరు స్వీడన్ ఆటగాడు విక్టర్ యోకెరెష్‌ది. స్పోర్టింగ్ కోసం లీగ్‌లో 39 గోల్స్. స్పోర్టింగ్‌కే ఆడిన మారియో జార్దెల్ 2001-02లో కొట్టిన 42, అర్జెంటీనా ఆటగాడు యజాల్దె 1973-74లో కొట్టిన రికార్డు 46 పక్కన పెట్టి చూస్తే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది.

మరో జాగ్రత్త. లీగ్ పుస్తకంలో లీగ్ మ్యాచ్‌లే ఉండాలి. స్పోర్టింగ్, బెన్‌ఫికా ఈ సీజన్‌లో నాలుగుసార్లు తలపడ్డాయి. రెండు లీగ్‌లో. జనవరి 11న లీగ్ కప్ ఫైనల్‌లో బెన్‌ఫికా పెనాల్టీలతో గెలిచింది. మే 25న పోర్చుగల్ కప్ ఫైనల్‌లో స్పోర్టింగ్ ఎక్స్‌ట్రా టైములో 3-1తో గెలిచింది. ఈ రెండూ గళ్ల పట్టికలోకి రాకూడదు. పొరపాటున లీగ్ కప్ స్కోరు అందులో రాస్తే చివరి వారాల్లో అతిముఖ్యమైన లెక్కే తప్పుతుంది.

ఆ లెక్క సమాన పాయింట్ల నియమం. సీజన్ ముగిశాక రెండు జట్లు సమానంగా ఉంటే మొత్తం గోల్స్ తేడాను ముందు చూడరు. ఆ రెండు జట్ల మధ్య జరిగిన రెండు మ్యాచ్‌ల పాయింట్లు ముందు, తర్వాత ఆ మ్యాచ్‌ల గోల్స్ తేడా. అవీ సమానమైతేనే మొత్తం సీజన్ గోల్స్ తేడాకు వెళ్తారు. ఇంగ్లండ్ లీగ్ చూసి అలవాటైనవాళ్లకు ఇది గుర్తుండదు. పైగా రెండు మ్యాచ్‌లూ పూర్తికాకముందు ముఖాముఖి లెక్క కుదరదు కనుక మధ్యలో పట్టికలు గోల్స్ తేడాతో వరుస పెడతాయి. అందుకే మే నెలలో ఒకే రోజు వేర్వేరు చోట్ల సమాన జట్ల వరుస వేర్వేరుగా కనపడొచ్చు. గళ్ల పట్టిక చేతిలో ఉంటే ఎదురెదురుగా ఉన్న రెండు గళ్లు చూసి క్షణంలో తేల్చుకోవచ్చు.

ఆ రెండు గళ్ల కథ ఇలా సాగింది. డిసెంబరు 29న 16వ రౌండు. బెన్‌ఫికాకు 38, స్పోర్టింగ్‌కు 37. రూయి బోర్జెష్‌కు స్పోర్టింగ్ కోచ్‌గా అదే మొదటి మ్యాచ్. మొజాంబిక్ ఆటగాడు జెనీ కతామో గోల్‌తో స్పోర్టింగ్ 1-0తో గెలిచింది. మరుసటి రౌండులో స్పోర్టింగ్ గిమరాయిష్ వెళ్లి, అంటే బోర్జెష్ వారం కిందటే వదిలొచ్చిన జట్టుతో, 4-4 డ్రా చేసుకుంది. బెన్‌ఫికా సొంతగడ్డపై బ్రాగా చేతిలో 1-2తో ఓడింది. వరుసగా రెండు రౌండ్లలో బెన్‌ఫికా ఆరు పాయింట్లు పోగొట్టుకుంది, వాటిలో ఒక్కటి కూడా డ్రా కింద దక్కించుకోలేదు.

ఫిబ్రవరిలో స్పోర్టింగ్ వంతు. 21వ రౌండులో పోర్టో గడ్డపై 1-1, అదీ ఇంజురీ టైములో పోర్టో ఆటగాడు నమాసో గోల్‌తో. 22లో సొంతగడ్డపై అరూకాతో 2-2. 23లో ఎ.వి.ఎస్. దగ్గర 2-2. మూడు వారాల్లో ఆరు పాయింట్లు పోయాయి. కానీ మూడు దక్కాయి. ఏప్రిల్ 6న పోర్టో గడ్డపై పావ్లిదిస్ మూడు గోల్స్‌తో బెన్‌ఫికా 4-1తో గెలిచింది, మర్నాడు స్పోర్టింగ్ సొంతగడ్డపై బ్రాగాతో 1-1. బెన్‌ఫికా అభిమానులకు అది సీజన్‌లో మంచి వారం. తర్వాతి వారమే అరూకాతో సొంతగడ్డపై 2-2 డ్రా చేసుకుని అందినదాన్ని చేజార్చుకున్నారు. మే 4న జిల్ విసెంటెతో స్పోర్టింగ్ కూడా జారిపోయేదే, ఇంజురీ టైములో డిఫెండర్ ఎద్వార్దో క్వారెజ్మా గోల్ 2-1 చేసింది.

33వ రౌండు మొదలయ్యేటప్పటికి ఇద్దరికీ 78. మే 10న బెన్‌ఫికా లూజ్ స్టేడియంలో ముఖాముఖి. 4వ నిమిషంలో స్పోర్టింగ్ ఆటగాడు త్రింకాఁవ్ గోల్, 63వ నిమిషంలో బెన్‌ఫికా ఆటగాడు అక్తుర్కోలు సమం చేశాడు. 1-1, ఇద్దరికీ 79. ఇప్పుడు గళ్లు రెండూ నిండాయి: 1-0, 1-1. ముఖాముఖిలో స్పోర్టింగ్‌కు 4 పాయింట్లు, బెన్‌ఫికాకు 1. అంటే చివరి రోజు ఇద్దరికీ ఒకే ఫలితం వస్తే టైటిల్ స్పోర్టింగ్‌దే. బెన్‌ఫికా స్పోర్టింగ్ కంటే మెరుగైన ఫలితం తెచ్చుకోవాలి. ఆ వారమంతా గోల్స్ తేడా గురించి లెక్కలేసినవాళ్లు అనవసరంగా కష్టపడ్డారు.

చివరి రౌండులో టైటిల్‌కు సంబంధించిన మ్యాచ్‌లు ఒకే సమయానికి మొదలవుతాయి. రెండు తెరలు ముందుంటే స్కోరు తారుమారు కావడం మామూలే. ఆ రోజు నిమిషం, మ్యాచ్ సంకేతం, గోల్ కొట్టిన పేరు, ఈ మూడే ఒక చిత్తు కాగితం మీద వరుసగా రాసుకుని మ్యాచ్‌లయ్యాక విడదీసుకోవడం మేలు. మే 17న స్పోర్టింగ్ 2-0తో విటోరియాపై గెలిచింది: 55వ నిమిషంలో పెద్రో గొన్సాల్వెష్, 82లో యోకెరెష్. బ్రాగాలో బెన్‌ఫికా 1-1. 82, 80. స్పోర్టింగ్ వరుసగా రెండో ఏడాది ఛాంపియన్ అయింది, 1954 తర్వాత వాళ్లకు అలా జరగడం ఇదే మొదటిసారి.

పోయిన పాయింట్ల పేజీలో స్పోర్టింగ్‌కు 7 డ్రాలు, 2 ఓటములు, పోయినవి 20. బెన్‌ఫికాకు 5 డ్రాలు, 4 ఓటములు, పోయినవి 22. బెన్‌ఫికా పోగొట్టుకున్న 22లో ఐదు ఒక్క బ్రాగాకే. ఆ పేజీని చూస్తే నాకు డిసెంబరు 29, జనవరి 4 తేదీలే కనపడతాయి.

పట్టిక అడుగున కూడా అదే ముఖాముఖి నియమం ప్రాణం తీసింది. 18వ స్థానంలో బోవిస్తా 24 పాయింట్లతో మొదటి డివిజన్ నుంచి దిగిపోయింది. 2000-01లో ఛాంపియన్ అయిన జట్టు అది. స్పోర్టింగ్, బెన్‌ఫికా, పోర్టో అనే మూడు పెద్ద జట్లు కాకుండా టైటిల్ గెలిచినవి ఆ బోవిస్తా, 1945-46లో బెలెనెన్సెష్, ఈ రెండే. దానికి పైన ఎ.వి.ఎస్., ఫరెన్స్ ఇద్దరికీ 27. మొత్తం గోల్స్ తేడాలో ఫరెన్స్ చాలా మెరుగు, గెలుపులు కూడా ఒకటి ఎక్కువ. అయినా ముఖాముఖిలో ఎ.వి.ఎస్. ముందుండడంతో ఫరెన్స్ నేరుగా రెండో డివిజన్‌కు పోయింది. 16వ స్థానంలో ఉన్న ఎ.వి.ఎస్. రెండో డివిజన్ మూడో జట్టు విజేలాతో ప్లేఆఫ్ గెలిచి నిలబడింది. ప్లేఆఫ్ రెండు మ్యాచ్‌లనూ 34 రౌండ్ల పేజీలు అయ్యాక విడిగా రాయాలి, 306లో కలపకూడదు. గళ్ల పట్టికలో ఎ.వి.ఎస్., ఫరెన్స్ గళ్లు రెండింటి చుట్టూ ఎర్ర ఇంకుతో గీత గీశాను.